అందానికి ఆపరేషను: ముందుగా తిండీ, మందులూ

అందంగా కనబడాలన్న కోరిక మనిషికి కొత్తగా పుట్టింది కాదు. ముక్కు దిద్దే విద్యకు మన దేశమే పుట్టిల్లని ప్లాస్టిక్ సర్జరీ చరిత్ర రాసినవాళ్ళందరూ ఒప్పుకుంటారు. తెగిపోయిన ముక్కును చర్మంతో తిరిగి కట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. నుదుటి చర్మాన్ని కిందికి మళ్ళించి ముక్కుగా మలిచే మన దేశీయ పద్ధతిని 1794 అక్టోబరులో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మాగజైన్ బొమ్మతో సహా అచ్చువేసింది. జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు ఆ పద్ధతిని అనుసరించి 1814లో లండన్‌లో ఆపరేషను చేశాడు. ఆ రోజుల్లో ముక్కు పోయినవాళ్ళు ముక్కు కోసం వచ్చేవారు. ఇప్పుడు ఉన్న ముక్కు నచ్చనివాళ్ళూ వస్తున్నారు.

ఇందులో తప్పొప్పుల చర్చ ఈ వ్యాసం పని కాదు. ముక్కు వంపు సరిచేయించుకోవడం, కనురెప్పల కింది సంచులు తీయించుకోవడం, జారిన చెంపల చర్మాన్ని బిగించుకోవడం మన నగరాల్లో మామూలు విషయాలయ్యాయి. పెళ్ళి ముహూర్తం పెట్టుకుని ముక్కు సంగతి చూసుకునేవాళ్ళున్నారు. విదేశాల నుంచి నాలుగు వారాల సెలవు మీద వచ్చి, బంధువుల ఇళ్ళకు తిరగడం, పుణ్యక్షేత్రాల దర్శనం, ఆపరేషను, అన్నీ ఆ నాలుగు వారాల్లోనే ఇరికించుకునే పూర్వ విద్యార్థులూ ఉన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. ఆపరేషను బల్ల మీద పని రెండు మూడు గంటలది. దానికి శరీరాన్ని సిద్ధం చేసే పనికే నాలుగు వారాలు పడుతుంది.

ఆ నాలుగు వారాల్లో వంటింట్లో ఏం జరగాలి, మందుల డబ్బాలో ఏం జరగాలి అన్నదే ఇక్కడ చెప్పదలచిన విషయం. అంతా రెండు ముక్కల్లో ఇమిడిపోతుంది. వాడే ప్రతి వస్తువూ డాక్టరుకు చెప్పాలి. చెప్పకుండా ఏదీ సొంతంగా ఆపకూడదు. మొదటి మాట మరిస్తే ముఖం పాడవుతుంది, రెండో మాట మరిస్తే ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది.

ముఖానికున్న ప్రత్యేకత

శరీరంలో రక్తం బాగా పారే చోట్లలో ముఖం ఒకటి. గెడ్డం గీసుకుంటూ చిన్న గాటు పడితే ఎంత రక్తం వస్తుందో మగవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఈ రక్త సమృద్ధి వల్లనే ముఖం మీద గాయాలు త్వరగా మానతాయి. నుదుటి చర్మం ముక్కుగా మారి బతకడానికి కారణమూ ఇదే. అయితే ఈ మంచికి తోడు ఒక చెడు కూడా ఉంది. ఆపరేషను తరువాత చర్మం కింద రక్తం కారితే అది గడ్డకట్టి ముద్దవుతుంది. ఆ ముద్ద పైనున్న చర్మాన్ని ఉబ్బించి, దానికి రక్తం అందకుండా నొక్కేస్తుంది. చెంపలు బిగించే ఆపరేషనులో అందరికంటే ఎక్కువగా భయపడేది దీనికే. ఇది సాధారణంగా మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే వస్తుంది. రక్తపోటు ఉన్నవాళ్ళలో, మగవాళ్ళలో ఎక్కువ. వెంటనే మళ్ళీ ఆపరేషను గదికి తీసుకువెళ్ళి ఆ ముద్ద తీసేయాలి. కనురెప్పల ఆపరేషనులో ఇలాంటి రక్తస్రావం కంటి గుడ్డు వెనక్కి పాకితే చూపే పోవచ్చు. ఇది చాలా అరుదు, కాని అసంభవం కాదు.

పొట్ట మీద మచ్చ మిగిలితే చొక్కా కప్పుతుంది. ముఖాన్ని ఏది కప్పుతుంది? పైగా ఇది అపెండిక్సు ఆపరేషను లాగా తప్పనిసరిది కాదు, మనం కోరి తెచ్చుకున్నది. కాబట్టి తొందర లేదు. తొందర లేని ఆపరేషనుకు సరిగ్గా సిద్ధం కాకుండా వెళ్ళడానికి సాకు కూడా లేదు.

"చిన్న పనేగా" అనే మాట ఎవరూ అనకూడదు. అమెరికన్ నవలా రచయిత్రి ఒలీవియా గోల్డ్‌స్మిత్ 2004 జనవరిలో గడ్డం కింది చర్మం సరిచేయించుకోవడానికి వెళ్ళి, మత్తుమందు ఇచ్చిన సమయంలో అపస్మారకంలోకి జారి, కొద్ది రోజులకు మరణించింది. ఆపరేషను చిన్నదైనా మత్తు చిన్నది కాదు.

"మందులేమీ వాడడం లేదండీ"

మన ఆస్పత్రుల్లో తరచు వినబడే సంభాషణ ఒకటుంది.

"ఏమ్మా, మందులేవైనా వాడుతున్నారా?"

"అబ్బే, ఏమీ లేవండీ."

"తలనొప్పి వస్తే?"

"ఎప్పుడైనా ఓ మాత్ర వేసుకుంటానండీ. నీళ్ళలో వేస్తే పొంగుతుందే, అది."

"మోకాళ్ళ నొప్పులకు?"

"మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిన చేపనూనె గుళికలు. పొద్దున్నే వెల్లుల్లి, తేనె. గుండెకు మంచిదని మా వదిన చెబితే చిన్న ఆస్పిరిన్ బిళ్ళ కూడా రోజూ వేసుకుంటున్నాననుకోండి. అవన్నీ మందులేమిటండీ?"

ఆవిడ అబద్ధం ఆడలేదు. చీటీ మీద డాక్టరు రాసిచ్చిందే మందని మన వాళ్ళ నమ్మకం. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నది, పక్కింటివాళ్ళిచ్చినది, ఊరి నుంచి వచ్చిన చూర్ణం, జిమ్‌లో ఇచ్చిన డబ్బా పొడి, ఇవేవీ ఆ లెక్కలోకి రావు. సర్జనుకు కావలసింది మాత్రం ఆ లెక్కలోకి రానివే. అందుచేత డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజున ఇంట్లోని సీసాలు, అట్టలు, పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకుపోవడం అన్నిటికంటే సులువైన పద్ధతి. పేర్లు గుర్తుపెట్టుకోనక్కరలేదు.

మరొక రహస్యం కూడా ఉంది. దిగులుకు, ఆందోళనకు మందులు వాడే యువతీయువకులు ఆ సంగతి పక్కన అమ్మానాన్నలుండగా చెప్పరు. ఈ మందుల్లో కొన్ని రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత తగ్గిస్తాయి. కొన్ని మత్తుమందుతో కలిసి రక్తపోటును అటూ ఇటూ చేస్తాయి. వాటిని హఠాత్తుగా ఆపడం మరీ ప్రమాదం. "డాక్టరు గారూ, మీతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి" అనడానికి మొహమాటపడనక్కరలేదు. ఆ ఒక్క నిమిషం ఇవ్వడం డాక్టరు బాధ్యత.

ఒక్క బిళ్ళ, వారం రోజులు

ఆస్పిరిన్ నొప్పిని ఎలా తగ్గిస్తుందో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు 1971లో కనుక్కున్నాడు. ఆ కృషికి 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. నొప్పికి, వాపుకు కారణమయ్యే పదార్థాలను తయారుచేసే ఒక ఎంజైమును ఆస్పిరిన్ పనిచేయకుండా చేస్తుంది. అదే ఎంజైము రక్తంలోని ప్లేట్‌లెట్లలో కూడా ఉంది. గాయమైనప్పుడు ముందుగా పరుగెత్తుకొచ్చి, ఒకదానికొకటి అంటుకుని రంధ్రం మూసేవి ఈ ప్లేట్‌లెట్లే.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కాబట్టి పాడైన ఎంజైము స్థానంలో కొత్తది తయారుచేసుకోలేదు. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్ళూ, అంటే 7 నుంచి 10 రోజులు, సరిగ్గా పనిచేయదు. మాత్ర ఒంట్లోంచి కొద్ది గంటల్లోనే పోతుంది, దాని ఫలితం మాత్రం వారం పైన ఉంటుంది. పోయిన సోమవారం తలనొప్పికి వేసుకున్న బిళ్ళ ఈ సోమవారం సర్జను చేతికి అడ్డం రాగలదన్నమాట. అందుకే ముఖం ఆపరేషనుకు సాధారణంగా వారం నుంచి రెండు వారాల ముందే ఆస్పిరిన్ ఆపమంటారు. డిస్ప్రిన్, ఎకోస్ప్రిన్ వంటి పేర్ల వెనక ఉన్నది ఆస్పిరినే.

బ్రూఫెన్, కాంబిఫ్లామ్‌లలోని ఐబుప్రొఫెన్, వోవెరాన్‌లోని డైక్లోఫినాక్ కూడా ఇదే కోవవి. వీటి పట్టు తాత్కాలికం, మందు ఒంట్లోంచి పోగానే ప్లేట్‌లెట్ తేరుకుంటుంది. అయినా జాగ్రత్త కోసం కొన్ని రోజుల నుంచి వారం ముందు వరకు మానమంటారు. నెలసరి నొప్పికి వేసుకునే మాత్రల్లో చాలావరకు ఈ జాతివే కాబట్టి ఆడపిల్లలు అట్ట మీది చిన్న అక్షరాలు చదవాలి.

మరి నొప్పి వస్తే? పారాసిటమాల్ ఉంది. మామూలు మోతాదులో అది ప్లేట్‌లెట్ల జోలికి పోదు. అలాగని ఎన్ని పడితే అన్ని వేసుకోకూడదు. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకూడదు. తాగుడు అలవాటున్నవాళ్ళకు, కాలేయ జబ్బున్నవాళ్ళకు ఇంకా తక్కువ.

ఆపితే ప్రమాదమైనవి

పై సంగతి చదివి ఎవరైనా ఇంటికెళ్ళి నాన్నగారి ఆస్పిరిన్ సీసా పారేస్తారేమోనని ఈ భాగం రాయవలసి వచ్చింది. తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ వేరు, గుండెలో స్టెంటు వేయించుకున్నవాళ్ళకు ఇచ్చే ఆస్పిరిన్ వేరు. బిళ్ళ ఒకటే, పని వేరు. స్టెంటు చుట్టూ రక్తం గడ్డకట్టకుండా కాపలా కాస్తున్న ఆస్పిరిన్‌ను, క్లోపిడోగ్రెల్‌ను ఒక్కసారిగా ఆపితే స్టెంటు మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. స్టెంటు వేశాక, తప్పనిసరి కాని ఆపరేషన్లను సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాయిదా వేయమంటారు. ముడతలు ఏడాది ఆగగలవు.

గుండె కవాటాలు మార్పించుకున్నవాళ్ళు, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళు వాడే వార్ఫరిన్ సంగతీ అంతే. ఆపవలసి వస్తే సుమారు ఐదు రోజుల ముందు ఆపి, రక్తపరీక్ష చేసి చూస్తారు. ఆపాలా వద్దా, మధ్యలో వేరే ఇంజెక్షన్లు ఇవ్వాలా అన్నది ఆ మందు రాసిన గుండె డాక్టరు, సర్జను ఇద్దరూ మాట్లాడుకుని తేల్చవలసిన విషయం. అది రోగి పని కాదు, ఫోను మీద సలహా ఇచ్చే బావమరిది పని అసలే కాదు.

మామూలుగా ఆపకుండా కొనసాగించేవి మరికొన్ని ఉన్నాయి. థైరాయిడు మాత్ర, మూర్ఛ మందులు, ఉబ్బసానికి పీల్చే మందు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు ఆపరేషను రోజు ఉదయం కూడా గుక్కెడు నీళ్ళతో వాడమంటారు. రక్తపోటు మాత్రల్లో కొన్ని రకాలను మాత్రం ఆ ఉదయం వద్దంటారు, ఎందుకంటే మత్తులో రక్తపోటు మరీ పడిపోవచ్చు. మీది ఏ రకమో మత్తు డాక్టరే చెప్పాలి. చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవాళ్ళు వాటిని హఠాత్తుగా మానితే శరీరం ఆపరేషను ఒత్తిడికి తట్టుకోలేదు. గర్భనిరోధక మాత్రలు సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశాన్ని కొంత పెంచుతాయి. ఎక్కువసేపు పట్టే ఆపరేషనైతే కొందరు సర్జన్లు నెల ముందు మానమంటారు. మానితే వేరే జాగ్రత్త తీసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గుళికలు వాడుతున్నవాళ్ళు ఆ విషయం దాచకూడదు. దానివల్ల చర్మం పొడిబారి పలచనవుతుంది. ఇదివరలో ఈ మందు మానిన ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఏ చికిత్సా వద్దనేవారు. ఈమధ్య ఆ నియమాన్ని చాలా చికిత్సల విషయంలో సడలించారు. చర్మాన్ని లోతుగా గీకే, కాల్చే చికిత్సలకు మాత్రం ఆగమనే అంటున్నారు. తెల్లబడడానికని నెలల తరబడి రాసుకునే క్రీముల్లో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. అవి చర్మాన్ని కాగితంలా చేస్తాయి. ఆ గొట్టం కూడా సంచిలో పడాలి.

షుగరు, బరువు ఇంజెక్షన్లు

షుగరు వ్యాధి అదుపులో లేనివాడి గాయం మానడానికి ఆలస్యమవుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. కాబట్టి నెల ముందే గత మూడు నెలల సగటును చెప్పే పరీక్ష చేయించుకుని, ఎక్కువగా ఉంటే ఆపరేషనునే వెనక్కి జరపాలి.

మందుల్లో రెండింటిని గురించి తెలుసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు మూత్రంలోకి చక్కెరను వదిలించేవి. ఇవి వాడుతూ ఉపవాసం ఉంటే, రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదం ఉంది. అందుకని ఆపరేషనుకు కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు. రెండోది సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు. షుగరుకే గాక బరువు తగ్గడానికి కూడా వీటి వాడకం పెరిగింది. బరువు తగ్గాక జారిన చెంపల కోసం సర్జను దగ్గరికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. ముందు రోజు రాత్రి తిన్న అన్నం ఉదయానికి కూడా కడుపులో ఉండవచ్చు. 2023లో అమెరికా మత్తు వైద్యుల సంఘం వారానికొకసారి తీసుకునే ఇంజెక్షన్‌ను వారం ముందే ఆపమన్నది. 2024లో వచ్చిన సలహా ప్రకారం చాలామంది కొనసాగించవచ్చు గాని, రోగిని బట్టి నిర్ణయించాలి, అవసరమైనవారికి ముందు రోజంతా ద్రవాహారమే ఇవ్వాలి. ఎలాగైనా మత్తు డాక్టరుకు తెలియకుండా మాత్రం బల్ల ఎక్కకూడదు.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు "ఎలాగూ తినడం లేదు కదా" అని పూర్తిగా మానకూడదు. ఎంత తగ్గించాలో అడిగి తెలుసుకోవాలి.

ఆకులు, వేర్లు, గుళికలు

"ఆయుర్వేదం కదా, దానితో ఏం ప్రమాదం?" అంటారు. పనిచేసే పదార్థం ఏదైనా మందే. గుణం చేసేదానికి దోషమూ ఉంటుంది. గింకో, జిన్‌సెంగ్, వెల్లుల్లి గుళికలు, ఎక్కువ మోతాదు విటమిన్ ఇ, పసుపు సారం గుళికలు రక్తం గడ్డకట్టడాన్ని కొంత మందగింపజేయవచ్చు. అశ్వగంధ మత్తును పెంచవచ్చు. చేపనూనె విషయంలో ఇటీవలి పరిశీలనలు పాత భయాన్ని తగ్గించాయి గాని, ముఖం ఆపరేషన్లు చేసే సర్జన్లు చాలామంది దాన్ని కూడా మానమనే చెబుతారు. వీటన్నిటికీ రెండు వారాల గడువు పెట్టుకోవడం ఆచారం. ఇవి లేనందువల్ల ఆ రెండు వారాల్లో వచ్చే నష్టం సాధారణంగా ఏమీ లేదు.

అలాగని పోపులో వెల్లుల్లి, కూరలో పసుపు, టీలో అల్లం మానుకోనక్కరలేదు. వంటకు వాడే మోతాదు వేరు, సారం తీసి గుళికలో కూరిన మోతాదు వేరు. వార్ఫరిన్ వాడేవాళ్ళు మాత్రం ఆకుకూరలు ఒకరోజు బుట్టెడు, మరోరోజు శూన్యం అన్నట్లు తినకూడదు. వాటిలోని విటమిన్ కె ఆ మందుకు విరుగుడు. రోజూ ఒకే పాళ్ళలో తినాలి.

పొగ, తాగుడు

ముఖం ఆపరేషనుకు పొగను మించిన శత్రువు లేదు. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. చెంపలు బిగించే ఆపరేషనులో చర్మాన్ని కింది పొర నుంచి లేపి వెనక్కి లాగుతారు. ఆ లేపిన చర్మం అంచుల్లో మిగిలిన సన్నని నాళాల మీదే బతకాలి. ఆ నాళాలు కూడా ముడుచుకుంటే చెవి ముందర, వెనక చర్మం నల్లబడి రాలిపోతుంది. 1984లో అమెరికన్ సర్జన్లు ఈ ఆపరేషను చేయించుకున్న 1186 మంది రికార్డులు తిరగవేసి చూస్తే, పొగతాగేవాళ్ళలో చర్మం చచ్చిపోయే అవకాశం తాగనివాళ్ళకంటే పన్నెండు రెట్లు ఎక్కువని తేలింది. ఆనాటి నుంచి చాలామంది సర్జన్లు పొగ మానని మనిషికి ఈ ఆపరేషను చేయడానికే ఒప్పుకోవడం లేదు.

ముందు నాలుగు వారాలు, తరువాత నాలుగు వారాలు మానాలి. సిగరెట్టు, బీడీ, చుట్ట ఏదైనా ఒకటే. ఖైనీ, గుట్కాలకు పొగ లేకపోయినా నికోటిన్ ఉంది. నికోటిన్ బంకలు, పట్టీలు, ఆవిరి సిగరెట్లు కూడా ఈ పని వరకు నిషిద్ధమే. మానడానికి సాయం కావాలంటే నికోటిన్ లేని మందులు డాక్టరును అడగవచ్చు. హాస్టలు మిత్రులకు ఒక మనవి: మానిన స్నేహితుడికి "ఒక్క దమ్ము కొట్టు, ఏం కాదు" అనకండి. ఏమవుతుందో పైన చెప్పాం.

తాగుడు కనీసం రెండు వారాల ముందు మానడం మేలు. అది నాళాలను వెడల్పు చేస్తుంది, రక్తపోటు పెంచుతుంది, మత్తుమందు లెక్క తప్పిస్తుంది. రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్లు రావచ్చు. అలాంటివాళ్ళు డాక్టరు కనుసన్నల్లోనే మానాలి.

ఏం తినాలి?

గాయం మానడమంటే కొత్త కణజాలం కట్టుకోవడం. ఇల్లు కట్టాలంటే ఇటుకలు కావాలి కదా. ఆ ఇటుకలు మాంసకృత్తులు. ఆరోగ్యవంతుడికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాము చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు. ఆపరేషనుకు సిద్ధమయ్యేవాళ్ళకు సాధారణంగా 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా సూచిస్తారు. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. మన కంచంలో కొండంత అన్నం, గోరంత పప్పు. ఆ లెక్క తిరగబడాలి. గుడ్డుకు సుమారు 6 గ్రాములు, పెద్ద గ్లాసు పాలకు 8, గిన్నెడు ముద్దపప్పుకు 6 లేక 7, వంద గ్రాముల కోడిమాంసానికి 20 వస్తాయి. శాకాహారులు పప్పు, శనగలు, పెసలు, పెరుగు, పనీరు పూటపూటకూ చేర్చుకుంటే సరిపోతుంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగాలి.

ఫొటోలో సన్నగా పడాలని ఆ నెలలోనే కటిక ఉపవాసాలు మొదలుపెట్టేవాళ్ళున్నారు. గాయం మానడానికి దాచుకోవలసిన సరుకును ముందే కరిగించుకోవడమిది. బరువు తగ్గాలనుకుంటే కొన్ని నెలల ముందు తగ్గి, స్థిరపడ్డాక ఆపరేషనుకు రావాలి. ముఖం కొవ్వు మళ్ళీ మారితే సర్జను కష్టమంతా వృథా.

రెండోది రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి ఉంది. అంటే సగానికి పైగా! ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12, మగవాళ్ళకు 13 గ్రాములకు తగ్గకూడదు. ఇనుము మాత్ర వేసిన మర్నాడే రక్తం పట్టదు, ఒక గ్రాము పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి పరీక్ష నెల ముందే చేయించుకోవాలి. తోటకూర, గోంగూర, రాగులు, బెల్లం మంచివే, కాని రక్తం బాగా తక్కువైతే వాటితో మాత్రమే పూడదు. ఇనుము మాత్రను నిమ్మరసంతోనో, జామపండుతోనో తీసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. కాఫీ, టీలతో తీసుకుంటే పట్టదు.

మూడోది విటమిన్ సి. దీని మహిమను క్రాండన్ అనే అమెరికన్ యువ సర్జను 1939-40లో తన ఒంటి మీదనే పరీక్షించుకున్నాడు. ఆరు నెలల పాటు విటమిన్ సి ఏమాత్రం లేని తిండి తిన్నాడు. మూడో నెలలో వీపు మీద గాటు పెట్టించుకుంటే మామూలుగా మానింది. ఆరో నెలలో పెట్టిన గాటు పైకి మానినట్లే కనిపించినా లోపల అతుక్కోలేదు. విటమిన్ ఇచ్చాక అతుక్కుంది. గాయాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ దారాలు ఈ విటమిన్ లేకపోతే గట్టిపడవు. దీనికి ఖరీదైన మాత్రలు అనవసరం. రోజుకొక జామకాయో, ఒక ఉసిరికాయో చాలు. అయితే ఉసిరికాయ పచ్చడి రూపంలో కాదు, ఎందుకంటే ఉప్పుంది.

ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, రక్తపోటు పెంచుతుంది. ముఖం వాపు ఎలాగూ తప్పదు, దానికి ఆవకాయ తోడెందుకు? వారం ముందు నుంచి, తరువాత రెండు వారాల దాకా పచ్చళ్ళు, అప్పడాలు, ఊరమిరపకాయలు అటక మీదికి ఎక్కించండి. పళ్ళు, కూరలు, నీళ్ళు సమృద్ధిగా తీసుకుంటే మలబద్ధకం రాదు. ఇది నవ్వుకునే విషయం కాదు. ఆపరేషను తరువాత ముక్కితే ముఖంలో రక్తపోటు పెరుగుతుంది.

ఆపరేషను తరువాత కొన్నాళ్ళు జంతికలు, చేగోడీలు నమలడానికి వీలుండదు. రాగి జావ, మెత్తటి ఇడ్లీ, పప్పుకట్టు అన్నం, పెరుగన్నం వంటివి ఎవరు చేసిపెడతారో ముందే చూసుకోవాలి. పొగలు కక్కే కాఫీ, చారు కూడా చల్లారనిచ్చి తాగాలి.

ముందు రాత్రి, ఆ ఉదయం

మత్తులో గొంతు కాపలా సడలుతుంది. కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణాపాయం. 1946లో మెండెల్సన్ అనే న్యూయార్క్ వైద్యుడు 44,016 కాన్పుల రికార్డులు పరిశీలించి, 66 మందికి ఇలా జరిగిందని ప్రకటించాడు. అప్పటి నుంచే మత్తుకు ముందు ఉపవాస నియమం గట్టిపడింది. ఇప్పటి లెక్క ఇది: వేపుళ్ళు, మాంసం వంటి బరువైన తిండికి 8 గంటలు, తేలికపాటి ఫలహారానికి 6 గంటలు, మంచినీళ్ళకు 2 గంటలు ముందే ఆపాలి. పాలు కలిపిన కాఫీ, టీ, మజ్జిగ ఇవన్నీ నీళ్ళ కింద రావు, తిండి కిందే లెక్క. నిలబెట్టి సూది మందుతో చేసే పనైనా, మగత ఇచ్చేట్లయితే ఇవే నియమాలు.

"ఖాళీ కడుపుతో ఎలా పంపనురా, ఒక్క ఇడ్లీ తిని వెళ్ళు" అనే అమ్మలకు ఈ సంగతి ముందే నచ్చజెప్పాలి. అమ్మ మాట కాదనలేక తిన్నట్లయితే, ఆ సంగతి మత్తు డాక్టరుతో చెప్పేయాలి. ఆపరేషను ఒక పూట వెనక్కి పోతుంది, అంతే కదా.

క్లుప్తంగా

నెల ముందు: పొగ, నికోటిన్ పూర్తిగా మానాలి. రక్తం, షుగరు, రక్తపోటు పరీక్షలు చేయించుకోవాలి. మందుల సంచి డాక్టరుకు చూపించి, ఏది ఎప్పుడు ఆపాలో, ఏది ఆపకూడదో కాగితం మీద రాయించుకోవాలి.

రెండు వారాల ముందు: తాగుడు, మూలికల గుళికలు, విటమిన్ ఇ మానాలి. గుండె జబ్బు కోసం కానట్లయితే ఆస్పిరిన్ కూడా, డాక్టరుతో చెప్పి.

వారం ముందు: ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ బదులు పారాసిటమాల్. ఉప్పు తగ్గించాలి. బరువు ఇంజెక్షన్ సంగతి తేల్చుకోవాలి.

మూడు రోజుల ముందు: డాక్టరు సూచన ప్రకారం మూత్రం ద్వారా చక్కెర పోగొట్టే మాత్రలు ఆపాలి. జలుబు, దగ్గు, జ్వరం, పెదవి మీద పొక్కులు వస్తే వెంటనే తెలియజేయాలి.

ఆ ఉదయం: చెప్పిన మాత్రలు మాత్రమే, గుక్కెడు నీళ్ళతో.

ఇవన్నీ పాటించినా అన్ని ఆపరేషన్లూ అనుకున్నట్లే వస్తాయని హామీ లేదు. సర్జను నేర్పు, శరీర తత్వం, అదృష్టం అన్నీ ఉంటాయి. కాని వీటిలో మన చేతిలో ఉన్నది ఈ నాలుగు వారాలే. సెలవు తక్కువని, ముహూర్తం దగ్గరపడిందని ఈ నాలుగు వారాలను రెండు చేయమని సర్జనును బతిమాలకండి. ఒప్పుకునే సర్జను దొరికితే, ఆయన దగ్గర చేయించుకోవాలా అని మరొకసారి ఆలోచించండి.